ఖాతాని బట్టి ప్రాక్సీ దారి మార్చడం: నా అనుభవం

వినడానికి చిన్న పనే. ఒకే నెట్‌వర్కు, మూడు రకాల యూజర్లు. మామూలు ఉద్యోగుల ట్రాఫిక్ ఒక ప్రాక్సీ (మధ్యలో నిలబడి రిక్వెస్టులు అందుకుని బయటికి పంపే సర్వర్) మీదుగా బయటికి పోవాలి, డెవలపర్లది ఇంకోదాని మీదుగా, కాంట్రాక్టు మీద వచ్చినవాళ్ళది గట్టి తనిఖీ ఉన్న మూడోదాని మీదుగా. ఎవరు ఏ రకమో యాక్టివ్ డైరెక్టరీలోని (కంపెనీ ఖాతాలన్నీ ఉండే మైక్రోసాఫ్ట్ పట్టీ) గ్రూపులు చెప్తాయి. మెషీన్ ఏదైనా, ఐపీ ఏదైనా, లాగిన్ అయిన ఖాతాని బట్టే దారి మారాలి.

చివరికి నిలబడ్డ అమరిక ఇది: ముందు వరసలో రెండు స్క్విడ్ (ఒక ప్రాక్సీ సాఫ్ట్‌వేర్) సర్వర్లు, వాటి వెనక ఒక్కో గ్రూపుకి ఒక్కో పేరెంట్ ప్రాక్సీ, అంటే ముందువి తమ ట్రాఫిక్‌ని అప్పగించే ప్రాక్సీ. యూజర్లకి కనిపించేది ముందున్న పేరు ఒక్కటే. ఎవరు వచ్చారో కనుక్కునేది, ఎటు పంపాలో తేల్చేది కూడా అక్కడే. ఈ రెండు పనులూ వేర్వేరు చోట్ల చేద్దామని చూసిన ప్రతిసారీ దెబ్బ తిన్నాం.

పాక్ ఫైలు ఎందుకు చాలలేదు

అందరికీ మొదట తట్టేది పాక్ ఫైలే, అంటే ఏ యూఆర్‌ఎల్‌కి ఏ ప్రాక్సీ వాడాలో బ్రౌజర్‌కి చెప్పే చిన్న స్క్రిప్ట్. బ్రౌజర్ దాన్ని దింపుకుని, ప్రతి యూఆర్‌ఎల్‌కీ అందులోని ఫంక్షన్‌ని పిలుస్తుంది. ఆ ఫంక్షన్ చేతికొచ్చేవి రెండే: యూఆర్‌ఎల్, హోస్టు పేరు. యూజర్ ఎవరన్నది దానికి తెలియదు. క్రోమ్ అయితే హెచ్‌టీటీపీఎస్ యూఆర్‌ఎల్‌లో పాత్ కూడా కోసేసి హోస్టు వరకే ఇస్తుంది. కాబట్టి పాక్ లోపల ఖాతా చూసి దారి మార్చడమన్న మాటే లేదు.

దానికో పక్కదారి ఉంది. గ్రూప్ పాలసీతో (యాక్టివ్ డైరెక్టరీ నుంచి సెట్టింగులు పంపే పద్ధతి) ఒక్కో గ్రూపుకి ఒక్కో పాక్ చిరునామా ఇవ్వడం. ఇది పనిచేస్తుంది, కొన్నాళ్ళు మేమూ వాడాం. కానీ ఇది సౌకర్యమే, కట్టడి కాదు. గిట్, పిప్ లాంటి కమాండ్ లైన్ టూల్స్ పాక్ ఫైలుని చూడవు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉన్న ప్రాక్సీకే పోతాయి. కాంట్రాక్టర్ తన మెషీన్లో డెవలపర్ల ప్రాక్సీ పేరు చేత్తో టైప్ చేసుకుంటే అడ్డేదేమీ లేదు. గ్రూపు మార్చాక పాలసీ రిఫ్రెష్ అయ్యేదాకా పాత దారే నడుస్తుంది. డబ్ల్యూపాడ్ (పాక్ చిరునామాని మెషీన్ తనంతట తానే కనుక్కునే పద్ధతి) సంగతి ఇంకా ముందే తేలిపోతుంది: ఐపీలు పంచే డీహెచ్‌సీపీ తన ఆప్షన్ 252లో ఆ చిరునామా ఇచ్చేది మెషీన్‌కి, యూజర్‌కి కాదు.

ఐపీ చూసి యూజర్ని ఊహించడం ఇంకో ఆలోచన. టెర్మినల్ సర్వర్ ఒక్కటి ఉన్నా అది కుప్పకూలుతుంది. ఒకే ఐపీ వెనక ముప్పై మంది ఉంటారు, చివరగా లాగిన్ అయినవాడి దారే అందరికీ పడుతుంది.

ట్రాన్స్‌పరెంట్ ప్రాక్సీ అనే మాట ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు. మధ్యలో ప్రాక్సీ ఉందని బ్రౌజర్‌కే తెలియనప్పుడు, 407 జవాబిచ్చి గుర్తింపు అడగడం కుదరదు. ఇలా ట్రాఫిక్‌ని దారిలోనే పట్టుకునే ఇంటర్‌సెప్ట్ మోడ్‌లో ప్రాక్సీ ఆథెంటికేషన్ ఉండదు. అక్కడితో ఆ చర్చ అయిపోయింది.

గుర్తింపు: కెర్బెరోస్

కెర్బెరోస్‌లో యూజర్ పాస్‌వర్డ్ పంపే బదులు, డొమైన్ ఇచ్చిన టికెట్ చూపి తానెవరో రుజువు చేసుకుంటాడు. ముందున్న రెండు సర్వర్లకీ కలిపి ఒకే డీఎన్‌ఎస్ పేరు పెట్టాం. సీనేమ్ (ఇంకో పేరుకి మళ్ళించే డీఎన్‌ఎస్ రికార్డు) కాకుండా 'ఏ' అనే రికార్డు (నేరుగా ఐపీ ఇచ్చేది) వాడటం మేలు. కొన్ని క్లయింట్లు సీనేమ్‌ని విప్పి అసలు హోస్టు పేరు మీద టికెట్ అడుగుతాయి, ఆ పేరుకి మీరు ఎస్‌పీఎన్ (టికెట్ ఏ సర్వీసుకో చెప్పే పేరు) పెట్టి ఉండరు. ఒక సర్వీస్ ఖాతా, దాని మీద హెచ్‌టీటీపీ స్లాష్ ప్రాక్సీ పూర్తి పేరుతో ఒక ఎస్‌పీఎన్, ఆ ఖాతా కీట్యాబ్ (దాని రహస్య కీ ఉండే ఫైలు) రెండు సర్వర్ల మీదా ఒకటే. స్క్విడ్ వైపు నెగోషియేట్ కెర్బెరోస్ హెల్పర్, అంటే స్క్విడ్ పక్కన నడుస్తూ ఆ టికెట్ తనిఖీ చేసే చిన్న ప్రోగ్రామ్. దానికి ఆర్ ఆప్షన్ ఇస్తే యూజర్ పేరు వెనక రియల్మ్ (కెర్బెరోస్ డొమైన్ పేరు) తోక తీసేస్తుంది. ఇది ముందే చెయ్యండి. లేకపోతే ఒకే మనిషి లాగులో మూడు పేర్లతో తిరుగుతాడు: కెర్బెరోస్‌లో ఎట్ గుర్తు తోకతో, విండోస్ పాత పద్ధతి ఎన్‌టీఎల్‌ఎమ్‌లో డొమైన్ ముందు పెట్టుకుని, పేరూ పాస్‌వర్డూ పంపే బేసిక్‌లో వట్టి పేరుతో. పెద్దక్షరాలు చిన్నక్షరాల తేడా దానికి అదనం. పేరుని చిన్నక్షరాల్లోకి మార్చడం మేం గ్రూపు హెల్పర్‌లో మొదటి లైనుగా పెట్టుకున్నాం.

ఇక్కడ చెడేవి నాలుగైదే, కానీ అన్నిటికీ బయటికి కనిపించే లక్షణం ఒకటే: పాస్‌వర్డ్ అడుగుతూ పాపప్. అది చూసి జనం పాస్‌వర్డ్ తప్పేమో అనుకుంటారు. చాలాసార్లు బ్రౌజర్ సెట్టింగులో ప్రాక్సీ పేరుకి బదులు ఐపీ ఉంటుంది. ఐపీ మీద ఎస్‌పీఎన్ ఉండదు కాబట్టి క్లయింట్ ఎన్‌టీఎల్‌ఎమ్‌కి దిగిపోతుంది. దీన్ని కళ్ళతో పట్టుకోవచ్చు. ప్రాక్సీ ఆథరైజేషన్ హెడర్‌లో టోకెన్ వై, ఐ, ఐ అక్షరాలతో మొదలైతే అది కెర్బెరోస్. పెద్ద టీ, చిన్న ఎల్, పెద్ద ఆర్, పెద్ద ఎమ్‌తో మొదలైతే ఎన్‌టీఎల్‌ఎమ్. క్యాష్ లాగులో కూడా టైప్ 1 ఎన్‌టీఎల్‌ఎమ్ టోకెన్ వచ్చిందని హెల్పర్ స్పష్టంగానే రాస్తుంది.

మిగతావి: గడియారం ఐదు నిమిషాలకి మించి తేడాగా ఉండటం, ఒకే ఎస్‌పీఎన్ రెండు ఖాతాల మీద ఉండటం (సెట్‌ఎస్‌పీఎన్‌కి పెద్ద ఎక్స్ ఆప్షన్ ఇస్తే డూప్లికేట్లు చూపిస్తుంది), సర్వీస్ ఖాతా పాస్‌వర్డ్ మార్చి కీట్యాబ్ మార్చకపోవడం. ఈ చివరిది ఒక సర్వర్ మీద మార్చి రెండోది మర్చిపోయినప్పుడు భలే తికమక పెడుతుంది. సగం మందికి నడుస్తుంది, సగం మందికి నడవదు, రిఫ్రెష్ కొడితే జాతకాలు తారుమారు.

పరీక్షకి బ్రౌజర్ వద్దు. కర్ల్ అనే కమాండ్ లైన్ టూల్‌కి ప్రాక్సీ నెగోషియేట్ ఆప్షన్ ఇచ్చి, యూజర్ పేరు చోట ఒక్క కోలన్ మాత్రం పెడితే చేతిలో ఉన్న టికెట్‌తోనే వెళ్తుంది. వెళ్ళొచ్చాక చేతిలోని టికెట్లు చూపే కే-లిస్ట్ కొట్టి, ప్రాక్సీ పేరు మీద టికెట్ పడిందో లేదో చూడాలి. టికెట్ లేదంటే తప్పు స్క్విడ్‌లో లేదు, అంతకన్నా ముందే ఉంది.

గ్రూపు కనుక్కునే హెల్పర్

స్క్విడ్‌తో వచ్చే ఎల్‌డాప్ (డైరెక్టరీని అడిగే ప్రోటోకాల్) గ్రూప్ హెల్పర్ చిన్న అవసరాలకి సరిపోతుంది. మాకు చాలలేదు. ఒక యూజర్ రెండు గ్రూపుల్లో ఉంటే ఏది గెలవాలో అది చెప్పదు. కాంట్రాక్టు మీద వచ్చిన డెవలపర్ రెండింట్లోనూ ఉంటాడు, అతనికి గట్టి తనిఖీ ఉన్న దారే పడాలి. ఈ పెద్దరికం వరసని స్క్విడ్ కాన్ఫిగ్‌లో పరిచే బదులు హెల్పర్‌లో పెట్టి, దాని నుంచి ఒక్కటే జవాబు రప్పించాం.

డైరెక్టరీలో మెంబర్ ఆఫ్ అనే యాట్రిబ్యూట్‌ని నమ్ముకుంటే గుంటలో పడతాం. గ్రూపులో గ్రూపు ఉంటే బయటిది అక్కడ కనిపించదు, ప్రైమరీ గ్రూపు అసలే కనిపించదు. దీనికి 1.2.840.113556.1.4.1941 అనే మ్యాచింగ్ రూల్‌తో గొలుసంతా వెతికించవచ్చు, పెద్ద డైరెక్టరీలో అది నెమ్మది. మేం టోకెన్ గ్రూప్స్ యాట్రిబ్యూట్ వాడాం. ఒకదాన్ని చుట్టి ఒకటి ఉన్న గ్రూపులు, ప్రైమరీ గ్రూపు అన్నీ కలిపి ఇస్తుంది. రెండు షరతులు: సెర్చ్ స్కోప్ బేస్ (ఆ ఒక్క ఖాతా ఎంట్రీనే చదవడం) అయి ఉండాలి, వచ్చేవి పేర్లు కావు, బైనరీ ఎస్‌ఐడీలు (గ్రూపుల గుర్తింపు సంఖ్యలు). మూడు గ్రూపుల ఎస్‌ఐడీలు ముందే రాసిపెట్టుకుంటే పోల్చడం తేలిక. పైగా గ్రూపు పేరు ఎవరైనా మార్చినా దారి చెడదు.

హెల్పర్‌కీ స్క్విడ్‌కీ మధ్య మాట ఇలా నడుస్తుంది. కాన్‌కరెన్సీ (ఒకే హెల్పర్‌ని ఒకేసారి చాలా ప్రశ్నలు అడగడం) పెట్టి ఉంటే ప్రతి లైనుకీ ముందు ఛానల్ నంబర్ వస్తుంది. అదే నంబర్ జవాబులో తిప్పి ఇవ్వాలి:

7 యూజర్1
7 ఓకే దారి_=డెవ్

దారి వెనకున్న అండర్‌స్కోర్ ఊరికే పెట్టింది కాదు. అలా ముగిసే కీ పేర్లని అడ్మిన్ల సొంత వాడకానికి వదిలేశారు, రేపు స్క్విడ్ తెచ్చే కొత్త పేర్లతో గుద్దుకోవు. జవాబు రాసిన ప్రతిసారీ అవుట్‌పుట్ ఫ్లష్ చెయ్యాలి. ఇది మర్చిపోతే హెల్పర్ చేత్తో నడిపినప్పుడు చక్కగా పలుకుతుంది, స్క్విడ్ కింద మూగబోతుంది. జవాబు బఫర్‌లో కూర్చుని ఉంటుంది, రిక్వెస్టులు వరసకట్టి వేలాడతాయి. మొదటిసారి హెల్పర్ రాసేవాళ్ళలో దీనికి దొరకనివాళ్ళు తక్కువ.

డైరెక్టరీ జవాబివ్వనప్పుడు ఏం చెప్పాలన్నది అసలు ప్రశ్న. ఈఆర్‌ఆర్ అని చెప్పకూడదు. ఆ మాటకి అర్థం చూశాను, లేదు అని. స్క్విడ్ దాన్ని దాచుకుంటుంది. నెగటివ్ టీటీఎల్ (లేదు అన్న జవాబుని దాచుకునే సమయం) విడిగా ఇవ్వకపోతే మామూలు టీటీఎల్ ఎంతో అంతసేపు, అంటే ఏమీ మార్చకపోతే 3600 సెకన్లు. డైరెక్టరీ పది సెకన్లు తూలితే యూజర్లు గంటసేపు బయటికి పోలేక ఇరుక్కుంటారు. నాకే ఒంట్లో బాగాలేదు అని చెప్పడానికి బీహెచ్ అనే జవాబు ఉంది. దాన్ని స్క్విడ్ దాచుకోదు. దీనికి తోడు మా హెల్పర్ చివరగా తెలిసిన జవాబుని తన దగ్గర ఒక రోజు ఉంచుకుంటుంది. డైరెక్టరీ పలకకపోతే అదే ఇస్తుంది, అదీ లేకపోతే బీహెచ్.

దారి వెయ్యడం

కాన్ఫిగ్‌లో గుండెకాయ లాంటి లైన్లు, పేర్లు మా సొంతం (ఏసీఎల్ అంటే రిక్వెస్టుకి సరిపోతుందో లేదో చూసే షరతు, క్యాష్ పీర్ అంటే ఇక్కడ పేరెంట్, ! గుర్తు అంటే కాదు అని):

ఎక్స్‌టర్నల్_ఏసీఎల్_టైప్ గ్రూపుచూడు టీటీఎల్=300 నెగటివ్_టీటీఎల్=30 చిల్డ్రన్-మ్యాక్స్=10 కాన్‌కరెన్సీ=50 %లాగిన్ హెల్పర్
ఏసీఎల్ చూశాం ఎక్స్‌టర్నల్ గ్రూపుచూడు
ఏసీఎల్ డెవ్‌దారి నోట్ దారి_ డెవ్
ఏసీఎల్ కాంట్‌దారి నోట్ దారి_ కాంట్
హెచ్‌టీటీపీ_యాక్సెస్ అలౌ అప్‌డేట్లు
హెచ్‌టీటీపీ_యాక్సెస్ డినై !లాగిన్అయ్యాడు
హెచ్‌టీటీపీ_యాక్సెస్ డినై !చూశాం ఆల్
హెచ్‌టీటీపీ_యాక్సెస్ అలౌ లోపలినెట్
హెచ్‌టీటీపీ_యాక్సెస్ డినై ఆల్
క్యాష్_పీర్_యాక్సెస్ డెవ్ అలౌ డెవ్‌దారి
క్యాష్_పీర్_యాక్సెస్ డెవ్ డినై ఆల్
నెవర్_డైరెక్ట్ అలౌ ఆల్

నోట్ అనే మెలిక ఎందుకు, ఎక్స్‌టర్నల్ ఏసీఎల్‌నే క్యాష్ పీర్ యాక్సెస్‌లో పెట్టెయ్యొచ్చు కదా అనిపిస్తుంది. పెట్టకూడదు. స్క్విడ్‌లో ఏసీఎల్‌లు రెండు జాతులు, వేగంవి, నిదానంవి. బయటి హెల్పర్‌ని అడగాల్సినవి నిదానం జాతి. క్యాష్ పీర్ యాక్సెస్ వేగం జాతినే ఒప్పుకుంటుంది, ఆగి జవాబు కోసం చూడదు. నిదానం ఏసీఎల్ అక్కడ పెడితే, జవాబు అప్పటికే క్యాష్‌లో ఉన్నప్పుడు సరిగ్గా పనిచేసినట్టు నటిస్తుంది, లేనప్పుడు తప్పు దారి పట్టిస్తుంది. ఉదయం మొదటి రిక్వెస్టులు మాత్రమే పక్కదారి పోతున్నాయంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. హెచ్‌టీటీపీ యాక్సెస్‌లో నిదానంవి నడుస్తాయి కాబట్టి అడగడం అక్కడ పూర్తిచేసి, జవాబుని రిక్వెస్టు మీద చీటీలా అంటించి, పీర్‌ని ఎంచేటప్పుడు ఆ చీటీ ఒక్కటే చదివించాలి. చదవడం వేగం పనే.

డినై లైను చివర ఆల్ అని ఉండటానికీ కారణముంది. నిరాకరించే లైనులో ఆఖరి ఏసీఎల్ గుర్తింపుకి సంబంధించినదైతే, పేరూ పాస్‌వర్డూ మార్చి చూడమన్నట్టు స్క్విడ్ మళ్ళీ 407 పంపుతుంది. యూజర్‌కి పాపప్ మీద పాపప్. చివర ఆల్ తగిలిస్తే నేరుగా 403తో, అంటే అనుమతి లేదన్న జవాబుతో ఆగుతుంది. మొదటి డినై లైనుకి ఆల్ లేదు చూడండి, అక్కడ 407 మనకి కావాలి.

నెవర్ డైరెక్ట్ లైను లేకపోతే ఏమవుతుందో ఒక రోజంతా చూశాం. కనెక్ట్ రిక్వెస్టుల్ని, అంటే మొత్తం హెచ్‌టీటీపీఎస్ ట్రాఫిక్‌ని, పేరెంట్‌కి ఇవ్వక్కర్లేదని స్క్విడ్ తనంతట తానే అనుకుని నేరుగా బయటికి పంపుతుంది. పేరెంట్ పడిపోయినా అంతే. యూజర్లకి అన్నీ తెరుచుకుంటాయి, ఎవరూ ఫిర్యాదు చెయ్యరు, తనిఖీ జరగాల్సిన ట్రాఫిక్ తనిఖీ లేకుండా పోతూ ఉంటుంది. ఎర్రర్ కనిపించడమే నయం. అందుకే ఫైర్‌వాల్‌లోనూ ముందు సర్వర్లకి ఇంటర్నెట్ మూసేశాం, పేరెంట్లకే తెరిచాం. పేరెంట్ల మీద ముందు రెండు ఐపీల నుంచి తప్ప ఎవరి నుంచీ కనెక్షన్ తీసుకోవద్దని రాశాం, లేదంటే తెలిసినవాడు నేరుగా పేరెంట్ పేరే పెట్టుకుంటాడు.

మామూలు పేరెంట్ విషయంలో లెక్క తిరగబడుతుంది. దానికీ ఒక చీటీ పెట్టి, ఆ చీటీ ఉన్నవాటినే రానిస్తే చక్కగా ఉంటుందనిపించింది. గంటలోపే సిస్టమ్ అప్‌డేట్లు ఆగిపోయాయి. అప్‌డేట్లకి గుర్తింపు అడగడం లేదు కాబట్టి వాటి మీద ఏ చీటీ ఉండదు, ఏ పేరెంటూ తీసుకోదు, నేరుగా పోవడానికి వీల్లేదు. ఇప్పుడు ఈ రిక్వెస్టుని ముందుకు పంపలేను అన్న స్క్విడ్ పేజీ వస్తుంది. కాబట్టి మామూలు పేరెంట్‌కి డెవ్‌దారి డినై, కాంట్‌దారి డినై, మిగతా అంతా అలౌ. బీహెచ్ వచ్చిన రిక్వెస్టు హెచ్‌టీటీపీ యాక్సెస్ దగ్గరే ఆగిపోతుంది కనుక, కాంట్రాక్టర్ ఈ సందులోంచి జారిపోడు.

ఇంకో మాట. క్యాష్ పీర్ యాక్సెస్ లైనే లేని పీర్‌కి అందరూ అర్హులే. కొత్త పేరెంట్‌ని తర్వాత చూద్దాంలే అని క్యాష్ పీర్ లైను ఒక్కటి రాసి రీలోడ్ కొడితే, రూల్ రాసేలోగానే అందరి ట్రాఫిక్‌కీ అది తలుపు తెరిచి ఉంటుంది. రూల్ ముందు, రీలోడ్ తర్వాత. రీలోడ్‌కి ముందు స్క్విడ్ హైఫన్ కే పార్స్.

ఒకే గ్రూపుకి రెండు పేరెంట్లు ఉంటే రౌండ్ రాబిన్ (వంతులవారీగా పంచడం) వద్దు. యూజర్ బయటి ఐపీ రిక్వెస్టుకోటి మారుతుంది, సెషన్‌ని ఐపీకి కట్టేసే సైట్లు లాగౌట్ చేసేస్తాయి. యూజర్ హాష్ అనే ఆప్షన్ పేరుని బట్టి ఒకే పేరెంట్‌కి అంటిపెడుతుంది. పేరెంట్ లాగులోనూ యూజర్ పేరు పడాలంటే, లాగిన్ ఆప్షన్‌లో నక్షత్రం, కోలన్, ఒక స్థిరమైన పాస్‌వర్డ్ ఇవ్వాలి. అసలు పాస్‌వర్డ్ పోదు, పేరు మాత్రం పోతుంది. కెర్బెరోస్ టోకెన్‌నే పేరెంట్‌కి అందిద్దామనుకోవద్దు, అది ముందు సర్వర్ పేరు మీద పుట్టిన టికెట్.

ముందు సర్వర్లకీ పేరెంట్లకీ విజిబుల్ హోస్ట్‌నేమ్ ఒకటే ఉంటే, దాటొచ్చిన ప్రాక్సీల పేర్లు ఉండే వయా హెడర్‌లో తన పేరే చూసుకుని ఫార్వర్డింగ్ లూప్ అని అరుస్తాయి. ఒకే కాన్ఫిగ్ ఫైలు నాలుగు మెషీన్లకి కాపీ కొట్టేవాళ్ళకి ఇది తప్పనిసరి కానుక.

లాగులో చూడాల్సింది

దారి మార్చే లైన్లు వెయ్యడానికి ముందు, చీటీ అంటించే భాగం మాత్రం పెట్టి వారం రోజులు నడిపాం. లాగ్ ఫార్మాట్‌లో ఆ నోట్ విలువని ఒక కాలమ్‌గా చేర్చాం. ఎవరికి ఏ దారి పడబోతోందో ముందే కాగితం మీదకి వస్తుంది. డాలర్ గుర్తుతో ముగిసే పేర్లు మాకు అక్కడే కనిపించాయి. అవి మనుషులు కాదు, మెషీన్ ఖాతాలు. సిస్టమ్ ఖాతా కింద నడిచే సర్వీసులు మెషీన్ పేరుతోనే కెర్బెరోస్ టికెట్ తెచ్చుకుంటాయి. హెల్పర్ వాటిని యూజర్ల ఓయూలో (డైరెక్టరీలో ఫోల్డర్ లాంటిది) వెతికి, దొరక్క తడబడుతోంది. డాలర్ ఉంటే నేరుగా మామూలు దారి అని రెండు లైన్లు రాస్తే తీరిపోయింది.

దారి వేశాక చూడాల్సింది హైరార్కీ కాలమ్, రిక్వెస్టు ఎటు పోయిందో అది చెప్తుంది. ఫస్ట్అప్ పేరెంట్, యూజర్ హాష్ పేరెంట్ అని ఉంటే సరే. హైర్ డైరెక్ట్ అన్న మాట ఒక్క లైనులో కనిపించినా ఎక్కడో చిల్లు ఉంది. ప్రతి రాత్రీ ఆ మాట కోసం లాగు వెతికి, కనిపిస్తే మెయిల్ పంపే స్క్రిప్ట్ పెట్టాం. 407లు మాత్రం గుట్టలుగా ఉంటాయి, భయపడక్కర్లేదు. కొత్త కనెక్షన్ సాధారణంగా ముందు గుర్తింపు లేకుండానే వచ్చి, 407 తిని, టికెట్‌తో తిరిగొస్తుంది. ఒకే యూజర్‌కి 407 వెనక 200 రాకుండా వరసగా 407లే పడుతుంటే అప్పుడు పట్టించుకోవాలి.

నిరాకరించినప్పుడు చూపడానికి ముచ్చటగా పేజీ రాసుకున్నాం, సాయం కోసం ఎవరిని అడగాలో కూడా చెప్తూ. హెచ్‌టీటీపీఎస్ సైట్లకి అది ఎవరికీ కనిపించదు. కనెక్ట్‌కి వచ్చిన నిరాకరణలోని పేజీని బ్రౌజర్లు చూపించవు, టన్నెల్ కనెక్షన్ విఫలమైందని తమ మాట తాము చెప్తాయి. హెల్ప్‌డెస్క్‌కి ఆ సందేశం ఫొటో ముందే ఇచ్చి ఉంచడం మంచిది.

గ్రూపు మార్చాక ఎంతసేపట్లో దారి మారుతుందని అడుగుతారు. టీటీఎల్ 300 అంటే ఐదు నిమిషాలు అని చెప్పాలనిపిస్తుంది, అది కొత్త కనెక్షన్లకే నిజం. ఒకసారి తెరుచుకున్న కనెక్ట్ టన్నెల్ లోపల ఏం జరుగుతోందో స్క్విడ్ మళ్ళీ చూడదు, గ్రూపూ అడగదు. చాట్ విండో లాంటివి తెరిచి ఉంచితే పాత దారిలోనే గంటల తరబడి నడుస్తాయి. క్లయింట్ లైఫ్‌టైమ్ డిఫాల్టు ఒక రోజు. మేం దాన్ని నాలుగు గంటలకి తగ్గించాం. అంతకన్నా తక్కువ చేస్తే పెద్ద డౌన్‌లోడ్లు మధ్యలో తెగుతున్నాయని గోల. ఎవరి ఖాతానైనా ఆ క్షణమే ఆపాల్సి వస్తే గ్రూపు మార్చి ఊరుకోం. లాగులో ఆ యూజర్ వాడుతున్న ఐపీ చూసి, ముందు సర్వర్ల ఫైర్‌వాల్‌లో దాన్ని కాసేపు మూసి, తెరిచి ఉన్న కనెక్షన్లు తెగాక మళ్ళీ వదులుతాం. యూజర్ టెర్మినల్ సర్వర్ మీద ఉంటే ఐపీ మూయం, మిగతావాళ్ళంతా తెగిపోతారు. అక్కడ అతని సెషన్‌నే లాగౌట్ చేయిస్తాం.